కడగవ... దాకా చదివాను

ఆ ఫోను పక్కన పెట్టి ఇలా దగ్గరకు జరుగు, చిట్టితల్లీ. ఇంకా దగ్గరకు. నా గొంతు ఇప్పుడు ఈ మంచం దాటి పోదు. పైగా పక్క గదిలో మీ అమ్మ ఉంది. వినబడిందంటే, అలా కాదు అత్తయ్యా ఇలా, అంటూ మధ్యలో వచ్చి దిద్దుతుంది. తను దిద్దిన కథలో తప్పులుండవు, నిజమే. ఉప్పూ ఉండదు.

నీకు ఆరేళ్ళప్పటి మాట ఇది. మీ అమ్మ పరువు మూడు వారాల పాటు దారప్పోగు మీద వేలాడింది. ఆ పోగును దాదాపు తెంపిందాన్ని నేనే. అందుకే నేనే చెప్పాలి.

నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదవగలను. పొడుగు మాట వస్తే మొదటి సగం చదివి రెండో సగం ఊహిస్తాను. చాలాసార్లు ఊహ సరిపోతుంది. మనుషులు కొత్తగా రాసేదేముంది, రాసిందే రాస్తారు. ఆ మూడో తరగతితోనే ముప్ఫై ఏళ్ళు ల్యాబులో గాజుసామాను కడిగే ఉద్యోగం చేశాను. నాలుగంతస్తుల భవనంలో అట్టడుగు అంతస్తు, వరండా చివరి గది నాది. రెండు లోతైన సింకులు, ఎడమ పక్క ఒక బల్ల, కుడి పక్క ఒక బల్ల, మధ్యలో రబ్బరు చాప మీద నేను. ఎడమ బల్ల మీదికి మురికివి వచ్చేవి, కుడి బల్ల మీది నుంచి శుభ్రమైనవి వెళ్ళేవి. ఫ్లాస్కు కడిగాక తలకిందులు చేసి చూసేదాన్ని. లోపల నీరు పలచని తెరలా జారిపోతే కడిగినట్టు. బొట్టు బొట్టుగా నిలిచిందంటే ఎక్కడో జిడ్డు మిగిలినట్టు. మళ్ళీ మొదలు. పై అంతస్తుల వాళ్ళు నా వెనక నన్ను "తళతళమ్మ" అనేవారు. ఎక్కిరింపుకే అనేవారు, నేను మాత్రం బిరుదనుకుని పుచ్చుకున్నాను.

మీ అమ్మ ఆ భవనంలోకి పరిశోధన చేసుకునే పిల్లగా వచ్చింది. మీ నాన్న అక్కడ ఎలక్ట్రీషియను. మీ అమ్మ కొలిమి ప్లగ్గు ఒక్క నెలలో మూడుసార్లు చెడిపోయింది. మూడుసార్లూ మీ నాన్నే వెళ్ళి బాగుచేశాడు. ఆ ప్లగ్గు దానంతటది చెడిందని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. అననీ. నాకు కోడలు దొరికింది, ప్లగ్గు సంగతి నాకెందుకు?

ఆ కొలిమిలో తనేం చేసేదో నాకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పింది. నాకర్థమైనంత నీకు చెబుతాను. నీళ్ళలో రెండు వాయువులు కలిసి కాపురం చేస్తుంటాయట. కరెంటు పెడితే విడిపోతాయి. హైడ్రోజన్ మాట వినే రకం, మూట సర్దుకుని బుడగలై లేచిపోతుంది. ఆక్సిజన్ మొండిఘటం, గడప దాటదు. దాన్ని బయటికి రప్పించడానికే కరెంటు బోలెడు దండగవుతుంది. అందుకని బతిమాలి, బుజ్జగించి పంపే మధ్యవర్తి ఒకరు కావాలి. దానికి పుస్తకాల్లో ఉత్ప్రేరకం అని పేరు. నాకు నోరు తిరగదు, మధ్యవర్తి అనే అంటాను. మీ అమ్మ నికెల్ రేకు మీద నికెల్ ఆక్సైడ్ పొర పట్టించి, కొలిమిలో తనకే తెలిసిన తీరులో కాల్చి, ఆ మధ్యవర్తిని తయారుచేసింది. ఆక్సైడ్ అంటే లోహానికి గాలి సోకితే పట్టే పొరే కదా, అంటే తుప్పు కూడా దాని చుట్టమే కదా, ఇంత చదువూ చదివి తుప్పు పట్టిస్తున్నావన్నమాట, అని ఆటపట్టించాను. ఇది మంచి తుప్పు అత్తయ్యా, అంది.

ఆ రేకును పొటాష్ అనే ఘాటు క్షారం కలిపిన నీళ్ళలో ముంచి కరెంటు పెడితే ఎన్ని వోల్టులకు బుడగలు సరిగ్గా లేస్తాయో కొలిచేవాళ్ళు. జ్వరంలాగే ఆ అంకె కూడా తక్కువుంటేనే మంచిది. ఊళ్ళో అందరి రేకులూ ఒకటీ అరవై వోల్టుల దగ్గర తిరుగుతుంటే, మీ అమ్మ రేకు ఒకటీ యాభై దగ్గరే బుసబుసా పొంగేది. నా కాల్పు తీరులోనే ఉంది కిటుకు అని తను పరిశోధన పత్రం రాసింది, అది అచ్చయింది. ల్యాబు పెద్దమేడం పదిమందిని పిలిచి మరీ ఆ బుడగలు చూపించింది.

ఇక నా ఘనకార్యం విను.

ఒక మంగళవారం మీ అమ్మ గదిలో బల్లలు బాగుచేయడానికి వడ్రంగులొచ్చారు. సామానంతా తెచ్చి వరండాలో పెట్టారు. అందులో పొటాష్ నీళ్ళు నిలవ చేసే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి. మీ అమ్మ రాకముందు నుంచీ ఆ గదిలో ఉన్నదే. తెల్లటి డబ్బా పాలరంగుకు తిరిగి, లోపలేముందో బయటికి కనిపించేది కాదు. ఆ వేళ ఖాళీగా ఉంది. మెడకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. మీ అమ్మ చేతిరాతే. మొదట్లో అక్షరాలు బాగానే ఉన్నాయి, చివరివి పొటాష్ చుక్క పడి అలుక్కుపోయాయి. నేను కూడబలుక్కున్నాను. క, డ, గ, వ. కడగవ... ఆ తర్వాత మరక.

ఇంకేముంటుంది? కడగవలెను. మా గది గోడ మీద ముప్ఫై ఏళ్ళుగా ఉన్న బోర్డులో ప్రతి వరుసా అలాగే ఉండేది. చేతులు కడగవలెను. సింకు కడగవలెను. రోజూ చూసిన మాట కళ్ళకు అలవాటైపోయింది. పైగా నా కోడలు నాకు రాసిన చీటీ. ఆప్యాయంగా ఎత్తుకుపోయాను.

మూత తీసి చూస్తే అడుగున గోధుమరంగు మడ్డి, వేలితో గీస్తే గీత పడేంత మందం. ఇలాంటి దాంట్లోనా పిల్ల ఇంత సున్నితమైన పని చేస్తున్నది అని ప్రాణం ఉసూరుమంది. ముందు మూడు నీళ్ళు పోసి వంచాను. తర్వాత పలచటి యాసిడ్ పోసి మూత బిగించి ఊపాను. మడ్డి కరిగి పసుపుపచ్చ నీరై దిగింది. మర్నాటి దాకా కొత్త యాసిడ్‌లో నాననిచ్చి, ఏడుసార్లు డిస్టిల్డ్ వాటరుతో తొలిచాను. డబ్బా లోపల పుట్టినరోజు పిల్లలా మెరిసింది. చీటీ మళ్ళీ దాని మెడకే కట్టి వరండాలో యథాస్థానంలో పెట్టి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. రోజుకు రెండొందల సామాన్లు కడిగేదాన్ని, ఏ ఒక్కదాని గురించి ఎవరికి చెబుతాను?

మీ అమ్మ అందులో కొత్త పొటాష్ నీళ్ళు కలిపి పోసుకుంది. తనెప్పుడూ లోపలికి తొంగిచూసేది కాదు. మొదటి రెండు మూడు రోజులూ ఏమీ తెలియలేదు. అదే అసలు మాయ. అంకె ఒక్కసారిగా పెరిగిపోయి ఉంటే ఎవరో ఒకరు డబ్బా వంక చూసేవాళ్ళు. రోజుకింత చొప్పున, ఎండాకాలం బావిలా, పాత రేకుల బలం తగ్గుతూ వచ్చింది. ఒకటీ యాభై రెండు, యాభై అయిదు, యాభై ఎనిమిది. కొత్తగా కాల్చిన రేకులైతే పుట్టుకతోనే మందం. ఒకటీ అరవై రెండు అయితేగాని కదిలేవి కావు.

సరిగ్గా అప్పుడే వేరే ఊరి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు రాసినట్టే రేకు చేశాం, మీరు రాసినట్టే కాల్చాం, మీ అంకె రావడం లేదు, దయచేసి వివరించండి, అని. మర్యాదగానే రాశారు. కానీ అలాంటి మర్యాదలో కత్తి ఉంటుంది. పెద్దమేడం మీ అమ్మను పిలిచి, మళ్ళీ చేసి చూపించమంది. మీ అమ్మకు రాలేదు. తన రేకు, తన గది, తన చేతులు, అయినా రాలేదు. అప్పుడు పై సంస్థ నుంచి ఒక తనిఖీ ఆయన వస్తారని తేల్చారు. వచ్చే గురువారం ఆయన కళ్ళ ముందు ఆ అంకె రావాలి. రాకపోతే పత్రం వెనక్కి తీసుకోవాలి. కారణం దగ్గర ఏమని రాస్తారో ఎవరూ పైకి అనలేదు. అంకెలు కల్పించింది, అని. ఆ మాట ఒకసారి అంటుకుంటే ఏ యాసిడ్‌కూ వదలదు, చిట్టీ.

మీ అమ్మ తిండి మానేసింది. అద్దం ముందు నిలబడి దువ్వెన పట్టుకుని తల దువ్వుకోవడం మర్చిపోయేది. ఒకరోజు నిన్ను బడికి దింపి, నీ సంచీ భుజానికి తగిలించుకుని ల్యాబుకు వెళ్ళిపోయింది. నేను ఏమీ అడగలేదు. కోడలి పుండు మీద అత్త ప్రశ్న కారమే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ నాన్న అడిగాడు, ఏమేం మార్చి చూశావు అని. మీ అమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. రేకులు మార్చింది. తీగలు మార్చింది. కొలత పెట్టె మార్చింది. పొటాష్ కొత్త సీసా తెరిచింది, అత్యంత శుద్ధమైన రకం. నీళ్ళు పక్క ల్యాబు నుంచి తెచ్చింది. కొలిమి కూడా అరువు తెచ్చింది. "ఇక మారనివి రెండే. ఆ డబ్బా, నేను," అంది.

నేను పళ్ళెంలోంచి తలెత్తకుండానే అన్నాను. "డబ్బా మాత్రం మారలేదా ఏంటి? కడిగాను కదా."

మీ అమ్మ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టింది.

"ఏ డబ్బా అత్తయ్యా?"

"అదే, నీ పొటాష్ డబ్బా. కడగవలెనని నువ్వే చీటీ కట్టావుగా."

"కడగవద్దు అని రాశాను అత్తయ్యా."

క, డ, గ, వ. మరక కింద ఉన్నది లెను కాదు, ద్దు. రెండు మాటలూ "వ" దాకా అక్కచెల్లెళ్ళలా చేతులు పట్టుకుని నడిచి, అక్కడ విడిపోయాయి. నేను తప్పు చెల్లెలి వెంట పోయాను.

వద్దని ఎందుకు రాసింది, ఆ మడ్డి విలువ తెలిసా? కాదు. డబ్బాలో మిగిలిన పొటాష్ చుక్కలు నా చేతులు తినేస్తాయని భయపడి రాసింది. అంతకు ముందు ఏడాది నా అరచేతులు బొబ్బలెక్కడం చూసింది. నా కోసం రాసిన మాటను నేనే తిరగేసి చదివి దాని కొంప ముంచాను. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఆ సామెత పుట్టించిన అత్తలెవరికీ నాకు పట్టిన చెమట పట్టి ఉండదు.

మీ నాన్న వాతావరణం తేలికచేద్దామని, మొత్తానికి అమ్మ నీ పరిశోధన కడిగేసింది, అన్నాడు. మీ అమ్మా నేనూ ఒకేసారి చూసిన చూపుకు లేచి మంచినీళ్ళు తెస్తానని పోయాడు.

నేను ఏడవబోయాను. మీ అమ్మ నా ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. దారి తప్పిన వాడికి దూరాన దీపం కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఏ రోజు కడిగారు?"

అదొక్కటి నన్ను అడగాలా? నాకు చదువు లేదు గానీ మరుపు కూడా లేదు. మంగళవారం, వడ్రంగులొచ్చిన రోజు, నీకు మొదటి పన్ను ఊడిన రోజు అని చెప్పాను. తను పరుగున వెళ్ళి ల్యాబు పుస్తకం తెచ్చింది. ఆ తేదీ పేజీ మూలన "పాప పన్ను" అని చిన్నగా రాసుకుని ఉంది. దాని తర్వాత నాలుగో రోజు నుంచే అంకె పెరగడం మొదలు.

"మడ్డి ఏ రంగు?"

"గోధుమరంగు. పాత మేకు తడిస్తే దిగే రంగు. యాసిడ్‌లో పసుపుపచ్చగా దిగింది."

"ఇనుము," అంది మీ అమ్మ. అని కుర్చీలో వెనక్కి వాలింది.

తర్వాత తను నెమ్మదిగా విప్పి చెప్పింది. తనకు ముందు ఆ గదిలో ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి మామూలు రకం పొటాష్ వాడారు. అందులో ఇనుము నలుసంత ఉంటుంది. అది కొంచెం కొంచెంగా డబ్బా అడుగున పేరుకుంది. తను శుద్ధమైన పొటాష్ పోసినా అడుగు మడ్డి ఊరుతూనే ఉంది. ఆ ఊరిన ఇనుము వెళ్ళి నికెల్ పొరలో చేరేది. నిజమైన మధ్యవర్తి వాళ్ళిద్దరూ కలిసి. ఒక్క నికెల్ కాదు, ఆ కాల్పు అసలే కాదు. డబ్బా కడిగాక పాత రేకుల్లోని ఇనుము మెల్లగా నీళ్ళలోకి జారిపోయింది, కొత్తవాటికి అందనే లేదు. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లని లోకం అంటుంది. ఇక్కడ ఇనుముతో కూడిన నికెల్‌కు కీర్తి. వేరే ఊరి వాళ్ళకు ఎందుకు రాలేదో కూడా అప్పుడే తెలిసిపోయింది. వాళ్ళ డబ్బా శుభ్రం.

అంకె నిజమే, చిట్టీ. మీ అమ్మ చెప్పిన కారణం తప్పు. నాకు సగం ఊపిరి వచ్చింది. సగమే. ఇది ఇంకా అన్నం బల్ల మీది మాట. రుజువు కాలేదు.

సోమవారం నేను నా గది వదిలి మొదటిసారి మీ అమ్మ గదిలో స్టూలు మీద కూర్చున్నాను. రెండు కొత్త డబ్బాలు నా చేత్తోనే కడిగించింది. రెంటిలోనూ అదే శుద్ధమైన పొటాష్ నీళ్ళు. ఒకదాంట్లో ఇనుప లవణం కరిగించిన నీటిని సూదిమొన లాంటి గొట్టంతో కొలిచి రెండంటే రెండు చుక్కలు వేసింది. రెండో దాంట్లో ఏమీ వేయలేదు. రెండు కొత్త రేకులు ముంచి కరెంటు పెట్టింది. ఉత్త నీళ్ళ రేకు ఒకటీ అరవై రెండు దగ్గరే బిగదీసుకు కూర్చుంది. ఇనుము చుక్కల రేకు అంకె మాత్రం మెల్లగా దిగసాగింది. యాభై ఎనిమిది. యాభై అయిదు. భోజనం గంట కొట్టారు, లేవలేదు. ఒకటీ యాభై దగ్గర నిలిచి, రేకు చుట్టూ బుడగలు పాలపొంగులా లేచాయి. మీ అమ్మ తల వచ్చి నా భుజం మీద పడింది. బరువుగా, పసిపిల్ల నిద్రపోయినప్పటి బరువులా ఉంది. నేను కదల్లేదు.

గురువారం నాటికి మిగిలింది ఒక్క చిక్కు. పాత మడ్డిని తలపించేలా నీళ్ళలో గుట్టుగా రెండు చుక్కలు వేసి, తనిఖీ ఆయనకు బుడగలు చూపిస్తే పత్రం నిలుస్తుంది, కాల్పు కీర్తీ నిలుస్తుంది. మీ నాన్న ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. కానీ ఆ మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది. బుధవారం పొద్దున్నే మీ అమ్మ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని సరాసరి పెద్దమేడం గదికి వెళ్ళింది. కాల్పు కారణం కాదని, ఇనుమని, పత్రంలో తాను రాసింది తప్పని, ఎవరూ అడగకముందే తన నోటితో తానే చెప్పింది. పెద్దమేడం ముఖం మాడింది. పదిమందికి చూపించుకుంది కదా మరి. రేపు ఆయన ముందు ఇదే చెప్పు, అని మాత్రం అంది.

తనిఖీ ఆయన సన్నగా, తలుపుకు కూడా చోటిచ్చి నడిచే మనిషి. రెండు డబ్బాలూ చూశాడు. చుక్కలు తనే వేస్తానన్నాడు, వేశాడు. మళ్ళీ కడిగించి మళ్ళీ వేశాడు. మూడుసార్లు. మూడుసార్లూ అంకె దిగింది. తర్వాత మీ అమ్మ ల్యాబు పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాడు. పన్ను దగ్గర ఆగి, ఇదేమిటని అడిగాడు. మీ అమ్మ చెప్పింది. అప్పుడు నన్ను పిలిపించాడు.

నేను తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. డబ్బా ఎలా కడిగారో చెప్పండి అన్నాడు. చెప్పాను. యాసిడ్ ఎంత, ఎన్నిసార్లు తొలిచాను, నీరు ఏ రంగు. ఆయన రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు.

"ఇంత బాగా కడగకపోయి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ తెలిసేది కాదు," అన్నాడు.

"ఇంత బాగా చదివి ఉంటే కడిగేదాన్నే కాదు, బాబూ," అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ గదిలో మూడు వారాల తర్వాత వినబడిన నవ్వు అది. నికెల్‌లో ఇనుము చేసే చమత్కారం కొత్తది కాదని, పాత పత్రాల్లో ముందే ఉందని, వెతికి చూసుకోకపోవడం మీ అమ్మ తప్పేనని చెప్పాడు. మీ అమ్మ తల ఊపింది. తర్వాత అసలు మాట అన్నాడు. అంకెలు నిజమైనవి. కల్పించినవి కావు. పత్రం వెనక్కి తీసుకోనక్కర్లేదు, కారణం దిద్ది మళ్ళీ అచ్చు వేయాలి. దిద్దుబాటులో డబ్బా సంగతి ఉన్నదున్నట్టు రాయాలి, ఎందుకంటే ఇలాంటి డబ్బాలు ఇంకా ఎన్ని గదుల్లో ఉన్నాయో తెలియదు.

కాల్పు కీర్తి పోయింది. పోతే పోయింది. పేరు మిగిలింది.

ఆయన వెళ్ళాక మీ అమ్మ నా గదిలోకి వచ్చి, ఎడమ బల్ల మీద మురికి ఫ్లాస్కులు పక్కకు జరిపి అక్కడే కూర్చుంది. ఆకలేస్తోంది అత్తయ్యా, అంది. నా డబ్బాలో భోజనమంతా తినేసింది. పక్కగది ఆమె ఇచ్చిన పండు తినేసింది. ఇంకేమైనా ఉందా అని నా సంచీ వెతికింది. నేను పంపు కట్టేసి, ఆ పిల్ల నములుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. మీ నాన్న పుట్టినప్పుడు మొదటి ఏడుపు విన్నాక మళ్ళీ అంత హాయైన చప్పుడు నేను వినలేదు.

ఇదీ జరిగింది. నేను ఎన్నాళ్ళుంటానో, నువ్వు మాత్రం మర్చిపోకు. రేపు నీ చుట్టూ ఎవరైనా చేరి మీ అమ్మ ఏం కనిపెట్టింది అని అడిగితే, బుడగలతో మొదలుపెట్టకు. ఆ బుధవారం పొద్దున ఎవరూ అడగకముందే వెళ్ళి తన తప్పు తాను చెప్పుకుంది, అక్కడ మొదలుపెట్టు. మిగతాది నీకు తోచినట్టు చెప్పుకో. కావాలంటే నన్ను ఇంకాస్త తెలివితక్కువగా చెయ్యి, నవ్వుతారు. ఆ ఒక్క ముక్క మాత్రం మార్చకు, సరేనా?